జిల్లా తమ్ముడు, డివిజన్ అన్న

మా పెద్దబాపు ఆకలికి ఆగే మనిషి కాదు. పొద్దున పొయ్యి మీద సర్వపిండి గిన్నె పెట్టగానే దాని చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టేవాడు. ఇంకాసేపు ఆగితే గిన్నెకు కూడా దిక్కుండదని ఆయన భార్య, మా పెద్దవ్వ, పిండి సగం కాలకముందే దించేది. ఎవరింటి పెళ్లికైనా ఆయన వస్తున్నాడని కబురు వస్తే వంటవాళ్లు మళ్లీ బియ్యం నానబోసేవారు. ఎల్లారెడ్డిలో ఆయన మధ్యాహ్నం తేన్పు విని తహసీలు ఆఫీసు బంట్రోతు గంట కొట్టేవాడని చెప్పుకునేవారు. గంట కొట్టడం నేను చూడలేదు కానీ ఆ తేన్పు విన్నాను. నమ్మవచ్చు.

అటువంటి మనిషి ఏడాదిలో ఒక్క పూట మాత్రం, దసరా తెల్లారి, తమ్ముడు వచ్చి చేతిలో జమ్మి పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేవాడు కాదు.

ఆ తమ్ముడే మా బాపు, నన్ను కన్న తండ్రి.

మా దిక్కు దసరా సాయంత్రం ఊరి బయట జమ్మి చెట్టుకు మొక్కి ఆకు తెంపుకుంటాం. ఆ ఆకునే బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కుతారు. పెద్దవాళ్లు లేవనెత్తి కౌగిలించుకుంటారు. ఏడాదంతా పొలం గెట్టు పంచాయతీలో తలలు పగలగొట్టుకున్నవాళ్లు కూడా ఆ సాయంత్రం ఒకరినొకరు హత్తుకుని, తెల్లారి మళ్లీ కర్రలు వెతుక్కుంటారు. మా ఇంట్లో మాత్రం ఈ ముచ్చట రెండు ఊళ్ల మధ్య నడిచేది. బాపు కామారెడ్డిలో సాయంత్రం తెంపిన జమ్మిని తడి బట్టలో చుట్టి, తెల్లారి మొదటి బస్సుకు ఎల్లారెడ్డి పోయేవాడు. పెద్దబాపు అక్కడ రాత్రి నుంచి కడుపు మాడ్చుకుని, పండుగ మేకను కోసి వండిన యాటకూర వాసన పీల్చుకుంటూ, ఇంటిముందు కుర్చీలో కూచునేవాడు.

రెండు ఊళ్ల పేర్లు చూస్తే ఒక్క తల్లి పిల్లలనిపిస్తాయి. మా తాతదేమో రామారెడ్డి. అంటే మా వంశ చరిత్ర మూడు రెడ్లతో ముగుస్తుంది. రామారెడ్డిలో తాతకున్న భూమిలో ఒక కొడుకు కాళ్లు చాపి పడుకుంటే రెండో కొడుకు పక్కవాళ్ల చేన్లో నిలబడాలి. అందుకని తాత ఇద్దరినీ పిలిచి తీర్పు చెప్పాడు: ఒకరు సర్కారు కచేరి ఉన్న ఊరికి పోండి, ఒకరు రైలు ఉన్న ఊరికి పోండి. పెద్దవాడికే ఏరుకునే హక్కు. ఆ రోజుల్లో ఎల్లారెడ్డి అంటే తాలూకా. తహసీలు, కోర్టు, ఠాణా ఉండేవి, తుమ్మినా సలాం కొట్టే బంట్రోతులు ఉండేవారు. కామారెడ్డి అంటే ఒక రైలు స్టేషను, బెల్లం గంజ్, ఆ బెల్లం మీద ఈగలు. పెద్దబాపు క్షణం ఆలోచించకుండా కచేరిని ఏరుకున్నాడు. మా బాపుకు మిగిలింది రైలు.

పెద్దబాపు తహసీలు ఆఫీసు ఎదురుగా, తానుండే ఇంటికి ఆనించి హోటల్ పెట్టాడు. హోటల్ అంటే ఒక పొయ్యి, ఒక రేకుల కప్పు, వచ్చినవాళ్లు కూచోవడానికి ఒక పొడుగాటి కట్టె బల్ల. ఆ బల్ల మీద కూచుని చాయ్ తాగని నేరస్తుడు ఎల్లారెడ్డి తాలూకాలో లేడు. జడ్జీగారు తీర్పు చెప్పకముందే ఎవరు గెలుస్తారో పెద్దబాపుకు తెలిసేది. గెలిచేవాడికి మిర్చీబజ్జీ వేడిగా, ఓడేవాడికి చల్లగా వడ్డించేవాడు. బజ్జీ చల్లగా వచ్చిందని చూసుకుని కోర్టులోకి పోకుండానే రాజీ పడినవాళ్లున్నారు.

మా బాపు గంజ్‌లో బెల్లం దుకాణం పెట్టాడు. మా ఈగల సంగతి చెప్పాలి. ఒక్కొక్కటి పిట్టంత. బెల్లం ముద్ద మీద వాలితే తక్కెడ ముల్లు కదిలేది.

దసరా తెల్లారి బాపు వెంట నేనూ పోయేవాణ్ని. ముప్పై ఏళ్లు దాటినా పోయాను, ఎందుకంటే ఆ పూట ఎల్లారెడ్డిలో జరిగే వినోదం ఏ టాకీసులోనూ ఉండేది కాదు. మేము బస్సు దిగి వస్తుంటే పెద్దబాపు దూరం నుంచే చూసి మొహం పక్కకు తిప్పుకునేవాడు. హోటల్ ముందు ఆయన పిలిపించుకున్న కచేరి గుమాస్తాలు, వకీలు గుమాస్తాలు కుర్చీల్లో కూచుని ఉండేవారు. మా బాపుకు మాత్రం గిరాకీలు కూచునే బల్ల. అన్న చేతిలో జమ్మి పెట్టి బాపు కాళ్లు మొక్కేవాడు. పెద్దబాపు లేవనెత్తేముందు ఆ ఆకును వెలుగుకు పట్టి, తిప్పి చూసి, అందరికీ వినబడేలా అడిగేవాడు.

"ఇది బంగారమేనా, రైలు కట్ట పొంట పీకిన పిచ్చిచెట్టా?"

కుర్చీలన్నీ నవ్వేవి. అప్పుడు కుర్చీలకు మా బాపును పరిచయం చేసేవాడు: "మా తమ్ముడు. కామారెడ్డిల ఈగలు గొట్టుకుంటడు."

బాపు కూడా నవ్వేవాడు. ఆ నవ్వు ఎట్లా ఉండేదంటే, చెప్పు కరుస్తున్నా పెళ్లి ఊరేగింపులో నడిచేవాడి నవ్వులా ఉండేది. ఆ తర్వాత కౌగిలింత, ఆ తర్వాత భోజనం. పెద్దబాపు కంచం ముందు కూచుంటే మేకకు మళ్లీ చావు వచ్చేది. మూలుగ బొక్కను గల్లా పెట్టి మీద కొట్టి, జుర్రి, తమ్ముడి కంచంలోకి కూడా ఒకటి విసిరేవాడు. ఆయన మూలుగ బొక్క ఇచ్చిన మనిషి భూమ్మీద మా బాపు ఒక్కడే. కన్న కొడుకులకు కూడా ఇవ్వలేదు. వాళ్లు అందుకే దుబాయి పోయారని నేనంటాను.

ఒకసారి తాడ్వాయి దగ్గర బస్సు చెడిపోయింది. మేము ఎల్లారెడ్డి చేరేసరికి పొద్దు గుంకుతోంది. పెద్దబాపు అదే కుర్చీలో, అదే ముఖంతో, నోరెండి కూచుని ఉన్నాడు. కుర్చీల వాళ్లు తిని, పండుకుని, లేచి ఇండ్లకు పోయారు. కూర మూడుసార్లు వేడి చేసి పెద్దవ్వ పొయ్యి దగ్గరే కునుకు తీస్తోంది. మమ్మల్ని చూసి పెద్దబాపు తిట్లు మొదలుపెట్టాడు. మొదట బాపును, తర్వాత డ్రైవర్‌ను, తర్వాత బస్సులు కనిపెట్టినవాణ్ని, చివరికి కామారెడ్డిలో పుట్టిన ప్రతి పురుగునూ తిట్టాడు. తిట్టి తిట్టి గొంతు పోయాక చెయ్యి చాపాడు. బాపు బంగారం పెట్టాడు. అప్పుడు తాగాడు చెంబెడు నీళ్లు.

ఈలోగా కామారెడ్డి పెరగడం మొదలుపెట్టింది. ఊరు పెరగడం చూసినవాళ్లకు తెలుసు, అది పిల్లవాడు పెరిగినట్టు పెరగదు, పుండు పెరిగినట్టు పెరుగుతుంది. మొదట స్టేషన్ రోడ్డు మీద లాడ్జీలు. తర్వాత నిజాంసాగర్ చౌరస్తాలో బట్టల దుకాణాలు, వాటి అద్దాల్లో మాకన్నా మంచి బట్టలు కట్టుకున్న బొమ్మలు. పెద్ద రోడ్డు వచ్చింది. ఆ రోడ్డు మీద పోయే లారీలు మా ఊరి వైపు చూడను కూడా చూడకుండా నాగపూర్ పోయేవి, అయినా మేము గర్వపడేవాళ్లం. ఎల్లారెడ్డిలో మాత్రం అదే కచేరి, అదే ఠాణా. రైలు రాలేదు. పెద్దబాపు బజ్జీ చల్లబడింది.

కొత్త జిల్లాలు చేస్తున్నారన్న మాట పుట్టినప్పుడు పెద్దబాపుకు అనుమానమే లేదు. జిల్లా అంటే కచేరి కదా, కచేరి అంటే ఎల్లారెడ్డి కదా. హోటల్ గోడకు సున్నం వేయించాడు. కట్టె బల్లకు రంగు వేయించాడు. కలెక్టర్ చాయ్ తాగడానికి ఎటునుంచి వస్తాడో లెక్కగట్టి గల్లా పెట్టిని అటు తిప్పి పెట్టాడు.

జిల్లా కామారెడ్డికి వచ్చింది. సరిగ్గా దసరా నాడు వచ్చింది. ఎల్లారెడ్డికి దక్కింది ఆ జిల్లా కింద ఒక రెవెన్యూ డివిజన్.

ఆ రోజు మా ఊళ్లో కాల్చిన పటాకులకు నిజామాబాద్‌లో కిటికీలు ఊగాయంటే ఎవరూ కాదనలేదు. మా గల్లీలో ఆటోవాళ్లు పొద్దుటి నుంచే జిల్లా రేటు మొదలుపెట్టారు. సాయంత్రం మేము పోయి జమ్మి తెంపుకొచ్చాం. బాపు ఎప్పటిలాగే తడి బట్టలో చుట్టాడు. తెల్లారి లేచి, తానం చేసి, తెల్లంగి తొడుక్కున్నాడు. జమ్మి చేతిలో పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. అంతలో పక్కింటాయన, కొత్త జిల్లా మత్తు దిగనివాడు, ఎటు పోతున్నావని అడిగాడు. ఎల్లారెడ్డి అన్నాడు బాపు. దానికి ఆయన నవ్వి, జిల్లావాళ్లు డివిజన్‌కు పోవుడేంది, ఇగ వాళ్లే రావాలె మనదగ్గరికి, అన్నాడు.

ఆ మాట మా బాపు చెవిలో పడి, లోపలికి పోయి, ఎన్నో ఏళ్ల ఈగలన్నిటినీ ఒక్కసారి లేపింది. నేను కళ్లారా చూశాను. బాపు అంగీ గుండీలు సర్దుకున్నాడు. వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. కూచున్నాడు.

మా అవ్వ, అంటే మా అమ్మ, లోపలినుంచి వచ్చి, అన్న ఉపాసముంటడు, బస్సు పోతదని గుర్తు చేసింది.

"వయసుల ఆయన అన్న. హోదాల నేను జిల్లా, ఆయన డివిజన్. ఎవలు ఎవల దగ్గరికి పోవాలె?" అన్నాడు బాపు.

నవ్వులాటకు అన్నాడనుకున్నాం. బస్సు పోయింది. రెండో బస్సు పోయింది. ఇక లాభం లేదని అవ్వ జమ్మి నా చేతిలో పెట్టి పంపింది. నేను బండి మీద లింగంపేట మీదుగా ఎంత వేగంగా పోయానంటే కోళ్లు నేను దాటిపోయాక చూసి బెదిరాయి. పెద్దబాపు కుర్చీలో ఉన్నాడు. నా వెనక ఎవరూ లేరని చూశాడు. కొత్తగా సున్నం వేసిన గోడ ముందు ఆయన ముఖం ఇంకా నల్లగా కనబడింది. విషయం చెప్పాను. నేను ఏ మాటనూ ఉన్నదున్నట్టు మోసినవాణ్ని కాదు, కానీ హోదా మాటకు కలపడానికి నాకేమీ దొరకలేదు. అది అట్లాగే నిండుగా ఉంది.

జమ్మి చాపాను. ఆయన చెయ్యి చాపలేదు.

"తమ్ముని చేతిల ఉంటే అది బంగారం. నీ చేతిల ఉంటే ఆకు. మేకకు పెట్టు" అన్నాడు.

మేక అప్పటికే కూరైపోయింది. ఆ సంగతి గుర్తు చేయడానికి అది సమయం కాదనిపించింది.

ఆ రోజు ఆయన తినలేదు. చీకటి పడ్డాక పెద్దవ్వ కూరను తీసి ఇరుగుపొరుగుకు పంచిపెట్టింది. ఇద్దరన్నదమ్ములకు రెండు జిల్లాలు ఇస్తే పోయేది, సర్కారుకు జర బుద్ధి లేకపాయె, అని గొణిగింది.

ఆ తర్వాత ప్రతి దసరా తెల్లారి ఇదే తంతు. ఇక్కడ బాపు కుర్చీలో, అక్కడ పెద్దబాపు కుర్చీలో, నడుమ నేను బండి మీద. మిగతా ఏడాదంతా బాగానే ఉండేవారు. పెళ్లిళ్లలో కలిస్తే వానల గురించి మాట్లాడుకునేవారు. ఒకరికి జ్వరమొస్తే ఒకరు ఫోను చేసేవారు. దసరా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకడు జిల్లా అయ్యేవాడు, ఒకడు డివిజన్ అయ్యేవాడు. మా ఊరిజనం దీన్ని పండుగలో భాగం చేసుకున్నారు. జమ్మి పూజ నుంచి వస్తూ మా వాకిట్లో ఆగి, ఈసారన్నా డివిజన్ వస్తదా కాకా, అని అడిగేవారు. ఎల్లారెడ్డివాళ్లు ఏమైనా తక్కువవాళ్లా? వాళ్లు పొద్దున్నే పెద్దబాపు ముందునుంచి తిన్న మూతులు చేత్తో తుడుచుకుంటూ పోయేవారట. ఒకాయన బొక్క చీకుతూ వచ్చి, కలెక్టర్ సాబ్ బయలెల్లిండా, అని అడిగిపోయాడట. అడిగినవాడు పెద్దబాపు దగ్గర ఎప్పుడో చల్లటి బజ్జీ తిన్నవాడేనని పెద్దవ్వ చెప్పింది.

బాపు కబుర్లు పంపడం ఆపలేదు. మాకు పెద్ద దవాఖాన వస్తున్నదని చెప్పు, అనేవాడు. ఊరి బయట ఎంత పెద్ద కలెక్టరేటు కట్టారో చెప్పు, దానిల ఎల్లారెడ్డి మొత్తం పట్టి ఇంకా పార్కింగ్‌కు జాగ మిగులుతదని చెప్పు, అనేవాడు. నేను చెప్పేవాణ్ని. పెద్దబాపు ఎండిన పెదవులతో విని, పుండు పెద్దగైందని ఎవడన్న పటాకులు కాలుస్తడా, అని తిరిగి పంపేవాడు.

ఆ మాట ఊరికే పోలేదు. పెరిగిన ఊరు మా ఇంటిదాకా వచ్చింది. రోడ్డు వెడల్పు చేయాలని ఇండ్ల మీద ఎర్ర రంగు గీతలు గీశారు. మార్కు పడనివాళ్లు మార్కు పడ్డవాళ్ల ఇంటికి పరామర్శకు వచ్చి, చాయ్ తాగి, గీత ఎక్కడిదాకా పోయిందో జానలతో కొలుచుకుని, కడుపు చల్లబడి పోయేవారు. మా ఇంటికి గీత నడి అర్ర, అంటే నడిమి గది, మీద పడింది. మిషను వచ్చి ముందరి అర్రను, వాకిలిని, గడపను అప్పడంలా విరిచింది. ఇప్పుడు మా ఇల్లు సరిగ్గా మురుగు మోరీ దగ్గర మొదలవుతుంది. దేవుడి పటాల అర్ర రోడ్డు మీదికి వచ్చింది. బస్సుల్లో పోయేవాళ్లు మా దేవుళ్లకు మొక్కి చెంపలు వేసుకుంటారు. బాపు కుర్చీని మోరీ మీది బండ మీద వేసుకుని, అయినా దర్జాగానే కూచునేవాడు. జిల్లా అంటే ఊరికే అయితదా, నేను ఒక అర్ర ఇచ్చిన, అనేవాడు.

ఆ మరుసటి ఏడాదే జమ్మి పోయింది. మా జమ్మి చెట్టున్న గడ్డ మీద ప్లాట్ల వెంచర్ పడింది. చెట్టు కొట్టేసి, ఆ చోట గేటుకు అటూ ఇటూ సిమెంటు ఏనుగుల్ని నిలబెట్టారు. దసరా సాయంత్రం జనం డప్పులతో పోయి, ఏనుగుల చుట్టూ తిరిగి, ఏం తెంపాలో తెలియక ఉత్త చేతులతో వచ్చారు. అప్పటి నుంచి మా జిల్లా కేంద్రంలో బంగారం చౌరస్తాలో కట్టలు కట్టలుగా కొనుక్కోవలసిందే.

ఇట్లా ఏళ్లు గడిచాయి. పెద్దబాపుకు షుగర్ వచ్చింది. పూట తప్పకుండా తినాలని డాక్టర్ చెప్పాడు. ఆ ఏడు దసరా తెల్లారి నేను పోయేసరికి ఆయన కుర్చీలో చెమటలు పోసి, కళ్లు తేలేసి ఉన్నాడు. పెద్దవ్వ నోట్లో చక్కెర పోయబోతే పళ్లు బిగబట్టాడు. నేను బాపుకు ఫోను కలిపి చెవి దగ్గర పెట్టాను. మీరిద్దరూ మాట్లాడుకోండి అన్నాను. అటునుంచి బాపు, ఆయన్నే ఒక్కసారి రమ్మనరాదు, నా కుర్చీల నేనే కూచోవెడత, అన్నాడు. పెద్దబాపు ఫోన్‌ను పక్కకు నెట్టాడు. చీకటి పడ్డాక గానీ ముద్ద ముట్టలేదు.

నేను బయలుదేరుతుంటే పెద్దవ్వ నా బండి దగ్గరికి వచ్చింది. ముసలాయిన ఇంకో దసరా ఇట్ల ఉంటే బతకడు, ఇది ఏదో ఒకటి తేలాలె, అంది. తేల్చేది మా బాపేనన్న ధీమాతో నేను తలూపి వచ్చేశాను.

మరుసటి దసరా తెల్లారి, బాపు మోరీ బండ మీద కుర్చీలో ఉన్నాడు. ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి పెద్దబాపు దిగాడు. చేతిలో జమ్మి మండ.

మా గల్లీ మొత్తం బయటికి వచ్చింది. మిద్దెల మీదికి ఎక్కారు. కలెక్టర్ వచ్చిన రోజున కూడా అంతమంది రాలేదు. బాపు ముఖం ఎట్లా వెలిగిందంటే పట్టపగలు వీధి దీపాలు సిగ్గుపడ్డాయి. కుర్చీలో నిటారుగా కూచున్నాడు. పెద్ద కంచం తీయమని లోపలికి సైగ చేశాడు. లేవలేదు. అన్న ఇంకో నాలుగు అడుగులు వేస్తే లేద్దామనుకున్నాడని తర్వాత అవ్వతో అన్నాడట. ఆ నాలుగు అడుగుల కోసమే కదా అన్నేళ్లూ కూచున్నది.

పెద్దబాపు రోడ్డు మీదనే చెప్పులు విడిచాడు. వంగి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్తే సారూ. ఎల్లారెడ్డి డివిజన్ నుంచి వచ్చిన."

గల్లీ అంతా గొల్లుమంది. బాపు కూడా నవ్వాడు. "ఏందే అన్నా, గీ ఆటలు" అన్నాడు.

పెద్దబాపు నవ్వలేదు. జమ్మిని రెండు చేతులతో బాపు చేతిలో పెట్టాడు. దరఖాస్తు ఇచ్చేవాడు ఎట్లా పెడతాడో అట్లాగే.

"అన్న ఎవలు సారూ? మీరు జిల్లా. మేం కిందోళ్లం. రూల్ గదే గదా. నా పని అయిపోయింది, ఇగ మీకు మాకు లెక్క లేదు."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మా అవ్వ నీళ్ల చెంబు పట్టుకుని పరుగున వచ్చింది, అన్నం తిని పొమ్మని బతిమాలింది. తమ్ముడి భార్య అయినా పెద్దబాపు ఆమెను ఎప్పుడూ కూతురిలాగే పిలిచేవాడు. ఇప్పుడూ అట్లాగే పిలిచాడు, మెత్తగానే.

"ఆఫీసుల ఎవలన్న అన్నం తింటరా బిడ్డా."

చెప్పులు తొడుక్కుని అదే ఆటోలో ఎక్కాడు. బాపు అప్పటికి లేచి నిలబడ్డాడు. అన్నా అని పిలిచాడు. ఆటోకు చెవులుండవు. చెవులున్నవాడు వినలేదు.

ఆ రోజంతా మా వాకిట్లోకి, అంటే మోరీ దగ్గరికి, జనం వచ్చి బాపును మెచ్చుకున్నారు. గెలిచినవ్ కాకా, డివిజన్‌ను రప్పించినవ్, అన్నారు. బాపు తలూపాడు. కూర గిన్నెలో చల్లారింది.

ఏడాదంతా బాపు ఫోను చేశాడు. పెద్దబాపు ఎత్తేవాడు. నమస్తే సారూ అనేవాడు. వానలు బాగున్నాయి సారూ, ఆరోగ్యం బాగుంది సారూ, అనేవాడు. ఒక్కసారి తమ్మీ అంటాడేమోనని బాపు ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగేవాడు. ఫోను పెట్టేశాక దాన్ని కొంతసేపు అట్లాగే చూసేవాడు, లోపల ఇంకేమైనా మిగిలి ఉందేమోనన్నట్టు.

పోయిన దసరా సాయంత్రం బాపు ఎవరికీ చెప్పకుండా చౌరస్తాకు పోయి జమ్మి కట్ట కొన్నాడు. లేతగా ఉంది, ఎక్కడిదని అమ్మే ఆమెను అడిగాడు. ఎల్లారెడ్డి దిక్కుది, బాపూ, ఇక్కడ చెట్లేడున్నయి, అందామె. బాపు ఆ ఎల్లారెడ్డి జమ్మినే తడి బట్టలో చుట్టి తలాపున పెట్టుకున్నాడు.

తెల్లారి కారులో తీసుకుపోతానన్నాను. వద్దన్నాడు. మొదటి బస్సే కావాలన్నాడు, నేనూ వెంట బయలుదేరాను. తెల్లంగి తొడుక్కున్నాడు. అవ్వ చాయ్ ఇస్తే ముట్టలేదు, అన్న ముట్టకుండా నేనెట్ల ముడత, అన్నాడు. బస్సులో జమ్మిని ఒళ్లో పెట్టుకుని, తాడ్వాయి వచ్చేసరికి కిటికీలోంచి ఇంజన్ చప్పుడు వింటూ కూచున్నాడు. బస్సు చెడిపోలేదు. అది ఎప్పుడూ రానంత పెందలాడే ఎల్లారెడ్డి చేరింది.

హోటల్ ఇప్పుడు లేదు. ఆ రేకుల కింద ఒకాయన జిరాక్స్ మిషను పెట్టుకున్నాడు. పక్కన పాత కట్టె బల్ల మాత్రం ఉంది, రంగు పొట్టు లేచి. వాకిట్లో కుర్చీ ఖాళీగా ఉంది. బాపు ఆ ఖాళీ కుర్చీని చూసి గాభరాపడి లోపలికి దాదాపు ఉరికాడు.

పెద్దబాపు ఇంట్లో పీట మీద కూచుని ఉన్నాడు. ముందర కంచం. కంచంలో అన్నం, యాటకూర. కుడి చెయ్యి మణికట్టు దాకా పులుసు.

బాపును చూసి ఆయన లేవబోయినట్టు చేసి, ఎడమ చేత్తో భుజం మీది తువ్వాల తీసి పక్కనున్న స్టూలును తుడిచాడు. రండి సారూ, మా అసొంటోళ్ల ఇంటికి మీరు రావుడేంది, అన్నాడు. పెద్దవ్వ నా వైపు చూసి, చూపు పొయ్యి మీదికి తిప్పుకుంది.

బాపు స్టూలు మీద కూచోలేదు. బట్ట విప్పి జమ్మి తీశాడు. "అన్నా, బంగారం తెచ్చిన" అన్నాడు.

పెద్దబాపు తన చేతిని వెలుగుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"చెయ్యి ఎంగిలున్నది సారూ" అన్నాడు.

తర్వాత మూలుగ బొక్క తీసుకుని కంచం అంచుకు కొట్టాడు. జుర్రాడు. రెండో బొక్క కూడా ఆయన కంచంలోనే ఉంది. ఇంకో గరిటె పులుసు పోయమని పెద్దవ్వకు కంచం చూపించాడు. ఆకలికి ఆగలేని ఆ మనిషి, ఆ పూట ఒక్కొక్క మెతుకును విడదీసి నిదానంగా తిన్నాడు.

 బాపు బయటికి వచ్చి, జమ్మిని మళ్లీ తడి బట్టలో చుట్టుకుని, గిరాకీల బల్ల మీద కూచున్నాడు. పొయ్యి మీదినుంచి కూర వాసన వస్తోంది. రాత్రి నుంచి ఆయన పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.